ఐలేశం గొంగడి

తిరుమలగిరి దాటాక రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఆ చిన్న ఊళ్ళో పరమేష్ అంతటి తెలివైనవాడు ఇంకొకడు లేడు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. పరమేషే అనుకున్నాడు. అనుకుని ఊరుకోకుండా, అందరికీ తెలిసేలా నడుచుకున్నాడు.

ఇంటర్ అయ్యాక జేఈఈ కోసమని తండ్రి అంజన్న అతన్ని హైదరాబాదులో ఒక కోచింగులో చేర్పించాడు. రెండు నెలలు తిరక్కుండానే మన మహానుభావుడు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ఏమైందని అడిగితే ముక్కు చిట్లించాడు. "ఆడ అందరు గొర్రెలే నాయినా. బెల్లు గొడితె లేస్తరు, బెల్లు గొడితె తింటరు. ఒకడు రాసింది ఇంకొకడు రాస్తడు. నేను ఇంట్లనే ఉండి ఫోన్ల చూసుకుంట సొంతంగ చదువుకుంట" అన్నాడు. నిజానికి అక్కడ వారం వారం పెట్టే పరీక్షల్లో అతని పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది. ఆ సంగతి మాత్రం నోరు జారి కూడా చెప్పలేదు.

అంజన్నకు జేఈఈ అంటే ఏమిటో తెలియదు. గొర్ల గురించి తప్ప అతనికి ఏదీ పెద్దగా తెలియదు. కొడుకు చెప్పినదానికల్లా తలూపడం ఒక్కటే వచ్చు. "నీ ఇష్టం బిడ్డ" అని ఊరుకున్నాడు.

ఇంట్లో చదువు సాగితేనా? వాకిట్లో దొడ్డినిండా గొర్లు. వసారాలో నాయనమ్మ బక్కమ్మ దగ్గు. పక్కింట్లో పొద్దస్తమానం సీరియళ్ళు. పరమేష్ ముఖం మాడ్చుకుని పుస్తకాలు విసిరేసేవాడు. తండ్రి ఒంటి నుంచి వచ్చే ఉన్ని వాసనకు కూడా అతనికి లెక్కలు తప్పేవట. అంజన్న ఆ మాట విని, మందను తోలుకొచ్చాక స్నానం చేయకుండా ఇంట్లోకి రావడం మానేశాడు. మాఘమాసం చలిలో కూడా. కొడుకు అది గమనించలేదు. గమనించినా అది తనకు జరగాల్సిన మర్యాదే అనుకునేవాడు.

చివరికి పరమేష్ కన్ను ఊరి చివర ఐలేశం దొడ్డి మీద పడింది. చుట్టూ రాతి గోడ, మూలకు ఒక చిన్న కొట్టం. మనుషులు అటు పోరు. గొర్లు అసలే పోవు. ఐలేశం అంజన్నలాగే గొర్ల కాపరి. కొన్నేళ్ళ కింద ఇలాంటి చలికాలంలోనే, చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత మంచులో, గొంగడి కప్పుకుని మందకు ముందు నడుస్తూ గట్టు లేని పాత మోటబావిలో పడిపోయాడు. వెనుకున్న గొర్లకు ఏం తెలుస్తుంది? ముందు గొంగడి ఎటు పోతే అటే కదా వాటి దారి. ఒకదాని వెనుక ఒకటి, చిట్టచివరి పిల్లదాకా, అన్నీ అందులోకే దూకాయి. ఊరివాళ్ళు పోయి చూసేసరికి బావిలో నీళ్ళు కనిపించలేదు, ఉన్నే కనిపించింది. గొంగడి ఒక్కటే ఒడ్డున తుమ్మకంపకు తట్టుకుని మిగిలిపోయింది. బావిని పూడ్చాలని ఆనాడే పెద్దమనుషులు కూర్చుని అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నారు.

ఆ ఊరి కాపరుల్లో ఒక పద్ధతుంది. కాపరి చనిపోతే అతని గొంగడిని కాల్చరు, పూడ్చరు, ఇంకొకరికి ఇవ్వరు. అతని దొడ్డి గుంజకు కప్పి వదిలేస్తారు. ఎండకూ వానకూ చివికి అదే రాలిపోవాలి. ఐలేశం గొంగడిని కూడా అలాగే కప్పారు. ఏళ్ళు గడిచినా అది చివకలేదు. నిన్ననే మగ్గం దిగినట్టు నల్లగా, మందంగా అలాగే ఉంది.

"గా కొట్టంల సదువుకుంటె సదువుకో" అన్నాడు అంజన్న. "గుంజ మీదున్న గొంగడి మాత్రం ముట్టకు."

"ముడితె ఏమైతది?"

"ఏమైతదో నాకెర్కలేదు బిడ్డ. ముట్టకు."

ఎరుక లేనివాడి మాట వినడానికి పరమేష్ ఏమైనా గొర్రెనా? మరునాడే కొట్టం ఊడ్చుకుని, ప్లాస్టిక్ కుర్చీ, ఛార్జింగ్ లైటు, పుస్తకాల కట్ట మోసుకెళ్ళి గది సిద్ధం చేసుకున్నాడు. కోడి కూయకముందే లేచి అక్కడికి పోయేవాడు. మొదటి రోజు చలికి పళ్ళు టకటకలాడాయి. పెన్ను పట్టుకుంటే వేళ్ళు వంగలేదు. బయటికి వచ్చి గుంజ మీది గొంగడిని ఒక్క గుంజు గుంజి భుజాల మీద వేసుకున్నాడు. బరువుగా ఉంది. అయితేనేం, వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే విప్పి ఇచ్చినంత వెచ్చగా.

ఏమీ కాలేదు. కాకపోగా, ఆ రోజు చదివింది చదివినట్టు తలకెక్కింది. ఏడాదిగా కొరుకుడు పడని పాఠాలు కూడా లొంగాయి. ఫోన్లో మాక్ టెస్టులు రాస్తే మార్కులు ఎన్నడూ లేనంతగా వచ్చాయి. సాయంత్రం హోటలు దగ్గర నలుగురినీ పోగేసి, మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచాడు. గొంగడి సంగతి మాత్రం బయటపెట్టలేదు. పొద్దున పోగానే కప్పుకోవడం, తెల్లారాక మళ్ళీ గుంజకు వేసి రావడం. తండ్రి మాట లెక్కచేయకపోవడంలో ఉన్న ధైర్యం, ఆ సంగతి తండ్రికి చెప్పడంలో లేదు.

పరీక్ష దగ్గరపడింది. సూర్యాపేటలో సెంటరు. హాల్ టికెట్ వచ్చింది. ఇక రెండు తెల్లవారుజాములు గడిస్తే పరీక్ష రోజే.

ఆ తెల్లవారుజామున మంచు మరీ దట్టంగా దిగింది. పరమేష్ గొంగడి కప్పుకుని, కుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగుతూ సూత్రాలు పైకి చదువుతున్నాడు. బయట ఎక్కడో చిన్న గంట మోగింది. పొట్టేలు మెడలో కట్టే గంట. నాయిన ఇవాళ పెందలాడే మందను విప్పాడు కాబోలు అనుకున్నాడు. ఇంకో గంట మోగింది. ఈసారి దగ్గరగా. తడిసిన ఉన్ని వాసన గదిలోకి వచ్చింది. మామూలు గొర్రె వాసన కాదు. చాలా రోజులు నీళ్ళలో నానినదాని వాసన. పరమేష్ ముక్కు మూసుకున్నాడు.

తర్వాత నెమరు వేస్తున్న చప్పుడు మొదలైంది. మెత్తగా, తడిగా, తీరిగ్గా. తలుపు అవతల. గోడ అవతల. కిటికీ కింద. కొట్టం చుట్టూ అదే చప్పుడు. అతను చదవడం ఆపితే అదీ ఆగింది. చదివితే మళ్ళీ మొదలైంది.

"ఎవరది?"

లేచి తలుపు తీశాడు. మంచు తప్ప ఏమీ లేదు. ఫోను లైటు వేస్తే తెల్లటి గోడలాగా మంచే ఎదురు నిలిచింది. గొర్రె లేదు, మనిషి లేడు. "ఛీ" అనుకుని రెండడుగులు వేశాడు. మోకాళ్ళకు వేడి ఊపిరి తగిలింది. కుడి పక్క. ఎడమ పక్క. వెనుక కూడా...

అదిరిపడి ఇంకో అడుగు వేశాడు. వెనుక నుంచి తడి ఒళ్ళు వచ్చి ఆనింది. మెత్తగా తోసింది. పరమేష్ నడిచాడు. ఆగాలనుకున్నాడు, ఆగలేకపోయాడు. ఇంటివైపు తిరగాలనుకున్నాడు, ఎటు తిరిగితే అటు మెత్తటి ఒళ్ళే. భయం పుట్టకుండా సూత్రాలు వల్లించాడు. గంటలు వెనుక గలగలమన్నాయి. నడిచాడు. నడిచాడు...

కాలి కింద రాయి ఒకటి కదిలింది. జారింది. చప్పుడు లేదు. చాలాసేపటికి, ఎక్కడో లోతున, బుడుంగుమంది.

రాయి పడిన చప్పుడును బట్టి బావి లోతు కనుక్కునే లెక్క పరమేష్‌కు కంఠతా వచ్చు. ఆ క్షణంలో మాత్రం అది గుర్తు రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. కుడికాలి వేళ్ళ కింద నేల లేదు. వీపు మీద ఒత్తిడి పెరుగుతోంది. ఒకటి కాదు, మొత్తం మంద. వెనుక ఏం జరుగుతోందో తెలియని, ముందు ఏముందో అక్కర్లేని మంద. అతను పిచ్చెక్కినవాడిలా గొంగడిని విదిలించి పారేశాడు. ఒత్తిడి ఆగిపోయింది. వెనక్కి పడ్డాడు. లేచి, మళ్ళీ పడి, మోకాళ్ళు చీరుకుపోతున్నా ఆగకుండా ఊళ్ళోకి పరుగెత్తాడు.

పొద్దెక్కాక, బాగా ఎండ పడ్డాక, దూరం నుంచే ఐలేశం దొడ్డిని చూశాడు. బావి ఒడ్డున పారేసిన గొంగడి దొడ్డి గుంజ మీద ఉంది. ఎవరో చక్కగా మడత సవరించి కప్పినట్టు ఉంది. ఎవరు కప్పారని అతను ఎవరినీ అడగలేదు.

మరునాడు తెల్లవారుజామున అవి ఇంటికే వచ్చాయి.

పరమేష్ లోపల గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. ముందు ఉన్ని వాసన. ఆ తర్వాత నెమరు. వాకిట్లో ఉన్న తండ్రి మంద, రాత్రంతా ఏదో ఒకటి అరుస్తూ ఉండేది, ఒక్కసారిగా నోరు మూసుకుంది. అతను పిల్లిలా అడుగులేసి వసారాలోకి వచ్చాడు. నాయనమ్మ బక్కమ్మ మంచంలో లేచి కూర్చుని ఉంది. ఆమెకు చూపు ఆనదు. ముఖం మాత్రం వాకిలివైపే ఉంది.

"ముట్టినవా?" అని గుసగుసగా అడిగింది.

పరమేష్ పోయి తలుపు గడియ సరిచూశాడు.

"ఐలేశం గొర్లు అవి. వాసన నాకెర్క. గొంగడి గుంజ మీదుంటె కాపరి ఆన్నే ఉన్నడనుకోని ఊకుంటయి. అది ఎవలు కప్పుకుంటె వాల్లే కాపరి. మల్ల గుంజకేసినా, ముంగట నడిషిందాక ఇడువయి."

"ఏడికి నడవాలె?"

బక్కమ్మ అతనివైపు తల తిప్పింది. "నువ్వు సూసొచ్చినవ్ గద" అంది.

వాకిట్లో ఏదో తడిగా విదిలించుకుంది. నీటి బొట్లు తలుపుకు తగిలి టపటపమన్నాయి. వాన లేదు.

"మరి ఎట్ల అవ్వా?" పరమేష్ గొంతు సన్నగా వచ్చింది. అందరినీ గొర్రెలన్న గొంతు అదే.

"ఆదివారం బీరప్ప పూజారులు ఒగ్గోల్లను పిలిపిద్దాం. దేవునికి మొక్కి, ముగ్గులతోని పట్నమేపిచ్చి, గొంగడిని మల్ల అప్పజెప్పుదాం. నాలుగొద్దులు ఇల్లు కదలకు."

"రేపు నా పరీక్ష."

"పానం కంటె ఎక్కువనా పరీక్ష?"

అతని జవాబేమిటో మనకు తెలిసిందే. ప్రాణం కంటే ఎక్కువ కాదు. అయితే ఎవరి ప్రాణం అన్నదే లెక్క. ఆ పరీక్ష పోతే మళ్ళీ ఈ ఊరే, ఈ దొడ్డే, ఈ వాసనే. తనను పెందలాడే లేపి మందను అప్పగిస్తారు. తండ్రిలాగా కట్టె పట్టుకుని ఎండలో తిరగాలి. హైదరాబాదులో తనకంటే పైన నిలిచినవాళ్ళు ఎక్కడెక్కడో చదువుతూ ఉంటారు. అది తలుచుకుంటేనే అతనికి బావి కంటే ఎక్కువ భయం వేసింది.

ఆ పగలంతా పుస్తకం ముట్టలేదు. ఆలోచించాడు. తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానీయదు. అందుకని అంజన్న ఒక ఉపాయం చేసేవాడు. ఆ గొర్రె సొంతపిల్ల చచ్చి ఉంటే, దాని తోలు తీసి ఈ పిల్ల వీపుకు కట్టేవాడు. గొర్రె వాసన చూసి, తన పిల్లేననుకుని పాలిచ్చేది. పరమేష్ చిన్నప్పుడు అది చూసి వాంతి చేసుకున్నాడు. ఇప్పుడు మాత్రం అందులో ఉన్న తెలివి అర్థమైంది. వాటికి కావాల్సింది వాసన. మనిషి ఎవరైతేనేం?

ఎవరైతే? అతను ఎక్కువసేపు వెతకలేదు. గొర్లు కాయడం పుట్టుకనుంచీ తండ్రి పనే కదా అనుకున్నాడు. అంత పని తెలిసినవాడు వాటిని ఎటైనా మళ్ళిస్తాడులే అని కూడా అనుకున్నాడు. ఇలాంటివాళ్ళకు తమను తాము ఒప్పించుకోవడం బాగా వచ్చు. ఆ విద్యలో పరీక్ష పెడితే దేశంలోనే మొదటి ర్యాంకు పరమేష్‌దే అయ్యేది.

పొద్దు గూకకముందే పోయి, యూరియా సంచిని చేతులకు తొడుక్కుని, ఐలేశం గొంగడిని అందులోకి కుక్కి తెచ్చి కట్టెల కుప్ప వెనుక దాచాడు.

పరీక్ష రోజు చీకటితోనే లేచాడు. హాల్ టికెట్, ఆధార్ కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఊరి బయట ఎక్కడో అప్పటికే గంటలు వినిపిస్తున్నాయి. అంజన్న దొడ్డి పక్కన నులక మంచంలో, పలచటి దుప్పట్లో ముడుచుకుని పడుకున్నాడు. కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. పరమేష్ ఊపిరి బిగబట్టి గొంగడిని దులిపి తండ్రి మీద కప్పాడు. మెడదాకా. కాళ్ళదాకా. అంత శ్రద్ధగా అతను తండ్రికి ఏ పనీ చేసి ఎరుగడు.

అంజన్న కళ్ళు తెరిచాడు.

చీకట్లో తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. అంజన్న చెయ్యి దుప్పటి కింద నుంచి వచ్చి గొంగడి అంచును ఒకసారి తడిమింది. అక్కడే ఆగింది.

"నీకు సలి వెడ్తలేదా బిడ్డ?" అన్నాడు మెల్లగా.

"లేదు నాయినా. పండుకో."

"జర తినిపో. మంచిగ రాయి."

పరమేష్ తల వంచుకుని నడిచాడు. వెనక్కి చూడలేదు. ఊరు దాటేసరికి మంచు కళ్ళలోకి దిగింది. ఎదురుగా గంటలు వినిపించాయి. ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి. అతను బిగుసుకుపోయి నిలబడ్డాడు. తడి ఒళ్ళు కాళ్ళకు రాసుకుంటూ పోయాయి... ఒకటి... ఇంకొకటి... ఇంకా... ఏదీ ఆగలేదు. ఏదీ అతన్ని వాసన చూడలేదు. అన్నీ ఊరివైపు పోయాయి. చివరగా ఒక చిన్నపిల్ల, అందుకోలేక, గెంతుకుంటూ పోయిన చప్పుడు.

బస్సులో కూర్చున్నాక గుండె కుదుటపడింది. పరీక్ష బాగా రాశాడు. బాగా అంటే మామూలుగా కాదు, స్క్రీను మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఇంటికొచ్చిన చుట్టాల్లాగా కనిపించాయి. చెప్పడానికి నాకే సిగ్గేస్తుంది, ఆ హాల్లో కూర్చున్నంతసేపూ అతనికి తండ్రి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాడు. దొడ్డి తడక తీయలేదు. మంద లోపలే ఆకలికి అరుస్తోంది. నులక మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. బక్కమ్మ గడప మీద కూర్చుని ఉంది. అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఏడుపు లేని గొంతు.

"నువ్వు అటు పోంగనె లేషి కూసున్నడు. ఏందిర అంటె, ఐలేశం గొంగడే అవ్వా అన్నడు. చెయ్యి వెట్టంగనె ఎర్కపట్టిండట. గొర్ల సంగతి జెప్పి, తీసి పారెయ్యి కొడుకా అని మొత్తుకున్న. తీసేస్తె పోరని ఎంబడి పడుతయి, బస్సుకాడికి గూడ పోనియ్యయి అన్నడు. వాని పరీక్ష అయిపోయిందాక ఆ మందను నేను కాస్త తీ అన్నడు. కట్టె వట్టుకోని ముంగట నడిషిండు."

పరమేష్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తండ్రికి తెలుసు. కళ్ళు తెరిచినప్పుడే తెలుసు. తెలిసే, చలి పెడుతోందా అని అడిగాడు.

ఊరంతా బావి దగ్గరికి పరుగెత్తింది. ఒడ్డు చుట్టూ తడి మట్టిలో లెక్కలేనన్ని గిట్టల గుర్తులు. వాటి ముందు ఒక మనిషి పాదాల గుర్తులు, అంచుదాకా. వీరేశం అనే కుర్రవాడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పాతాళగరిగె కొక్కేలు వేసి అడుగంతా దేవారు. బావిలో అంజన్న లేడు. గొంగడి లేదు. కట్టె లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. పోలీసులు వచ్చి, రాసుకుని, పోయారు. పరమేష్ నోరు విప్పలేదు. గొంగడి సంగతి బక్కమ్మ కూడా ఎవరితోనూ అనలేదు. మనవడితో అసలే మాట్లాడలేదు.

ర్యాంకు వచ్చింది. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. కోచింగు లేకుండా సొంతంగా చదివిన ఆణిముత్యం అని పెద్ద అక్షరాలు, చేతులు కట్టుకున్న ఫోటో. మంచి కాలేజీలో సీటు, హాస్టల్లో గది. మందను అయినవాళ్ళకు అప్పజెప్పారు. బయలుదేరే రోజు పరమేష్ పెట్టె పట్టుకుని నాయనమ్మ ముందు నిలబడ్డాడు. బక్కమ్మ చాలా రోజుల తర్వాత నోరు తెరిచింది.

"నువ్వు సదువుకున్నోనివి. నాకొకటి జెప్పు. పరీక్ష అయిపోయింది గద, నీ నాయిన ఇంక ఎందుకు రాలె?"

పరమేష్ పెట్టె ఎత్తుకుని బస్సెక్కాడు.

హాస్టల్లో అతను ఎవరితోనూ కలవలేదు. అక్కడివాళ్ళను చూసి మళ్ళీ ముక్కు చిట్లించాడు. గుంపుగా తింటారు, గుంపుగా తిరుగుతారు, ఒకడు నవ్వితే అందరూ నవ్వుతారు. గదిలో తోడుండే అమరేందర్ చౌటుప్పల్ కుర్రాడు, మంచివాడు. అతనితో కూడా ముక్తసరిగానే ఉండేవాడు. అలా ఆరు నెలలు గడిచి చలికాలం వచ్చింది. హాస్టలు వెనుక కొత్త బ్లాకు కోసం పెద్ద గుంత తవ్వారు. పొద్దున్నే అక్కడ మంచు పేరుకునేది.

ఒక తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చింది. మంచం లేదు. పైన ఆకాశం, కింద ఆ గుంత అంచు, ముక్కులో తడిసిన ఉన్ని వాసన. ఒట్టి పాదాలు. కుడికాలి వేళ్ళ కింద నేల లేదు... ఎవరో చొక్కా వెనుక గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"కదలకు" అంది ఒక గొంతు. అమరేందర్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "మెల్లగ ఎనుకకు రా."

పరమేష్ మెల్లగా వెనక్కి జరిగాడు. తిరిగి చూశాడు. అమరేందర్ సరిగ్గా తన వెనుక లేడు. మధ్యలో ఇంకా కొందరున్నారు. పక్క గది వాళ్ళు, పై అంతస్తు వాళ్ళు. ఒకరి వెనుక ఒకరు, నిక్కర్లలో, బనియన్లలో, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ఒకరి తల ముందువాడి వీపుకు ఆని ఉంది. నిద్రలోనే తీరిగ్గా దవడలు ఆడిస్తున్నారు. వరుసలోంచి పక్కకు వచ్చి, వాళ్ళను దాటి చెయ్యి చాపి అమరేందర్ అతన్ని పట్టుకున్నాడు.

"నన్ను చూసి వచ్చినవా?" పరమేష్ గుసగుసలాడాడు. "నేను లేషి పోతుంటె చూసినవా?"

"నేను రాలే" అన్నాడు అమరేందర్. "మెలకువ వచ్చేసరికి నేను గూడ లైన్లనే ఉన్న."

"నువ్వేనా ఆఖరు?"

అమరేందర్ తల అడ్డంగా ఊపాడు. కళ్ళు పరమేష్ మీదే పెట్టి, మెడ మాత్రం బిగబట్టి ఉన్నాడు.

"కాదు. నా ఎనుక ఇంకెవరో ఉన్నరు. ఇంకా వస్తనే ఉన్నరు."